వెనక సీటు కింద అతుకు

బావా,

అక్కా పిల్లలూ కులాసా అనుకుంటాను. ఒక సాయం కావాలి. ఆదివారం నేను పిలిచినట్టు తెలియకుండా వచ్చి, ఒక పడవకి వంక పెట్టి పోవాలి. మెకానిక్‌వి కాబట్టి నీ మాటంటే మా ఆవిడకి గురి.

మోటారు పడవ కొందామని నెల రోజులుగా తిరుగుతున్నాం. మా దగ్గరున్న డబ్బుకి కొత్తదైతే నలుగురు పట్టే చిన్నది వస్తుంది, పాతదైతే పదిమంది పట్టే పెద్దది. నేను చిన్నదంటాను. "అందులో మీ అమ్మగారు కూర్చుంటే మనం ఒడ్డునే నిలబడాలి" అంటుంది మా ఆవిడ. అదీ నిజమే.

నిన్న ఆ పెద్దది చూశాం. కొత్తగా నీలిరంగు వేశారు. వెనక సీటు కింద చాప ఎత్తి చూద్దును కదా, అరచెయ్యంత అతుకు! నీళ్లు దిగుతున్నాయని నా పెళ్లికి ముందు నువ్వు వేసిందే. వేలు పెడితే ఇంకా తడే. చేతులు మారి మన పడవే నా ముందుకొచ్చింది.

అమ్మేవాడికి నేనెవరో తెలియదు. "చుక్క నీరు లోపలికి రాదండీ. పెట్టుకునే చోటు లేక గానీ, బిడ్డలాంటి దీన్ని అమ్ముకుంటానా?" అన్నాడు. పొల్లుపోకుండా ఆనాడు దీన్ని అమ్ముతూ నేనన్న మాటలే.

నిజం చెబుదామంటే, మోసం మన ఇంటా వంటా లేదని మా ఆవిడకి ఈ పడవ అమ్మిన సంగతే ఉదాహరణగా ఇన్నేళ్లుగా చెబుతున్నాను.

తిరిగొస్తుంటే తను అంది: "ఎంత మంచి మనిషండీ! అమ్ముతానంటూనే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, చూశారా?"

చూశాను బావా. ఆ కన్నీళ్లు కూడా పడవతో పాటు నేనిచ్చినవే.

నీ బావమరిది