ఎర్ర చెవిడిప్పలు

హెస్ట్‌దాల్,
29 ఏప్రిల్ 1984

ప్రియమైన యోరున్ తల్లికి,

ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసాగా ఉన్నాం. బెర్గెన్‌లో నీ ఓడల వెల్డింగు పని ఎలా సాగుతోంది? అక్కడ ఎలాగూ వానే కాబట్టి వాన సంగతి అడగను.

మంగళవారం మా షూటింగ్ రేంజి తెరిచాం. కాల్పులు నడిపే రేంజి పెద్దగా నేను చేతికి పట్టీ కట్టుకోవడం ఇది పద్దెనిమిదో ఏడు. మూడువందల మీటర్ల అవతల టార్గెట్ల దగ్గర మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. మీ క్నూట్ మావయ్య దాన్ని పారతో ఎత్తిపోసి, ఎప్పటిలాగే చిల్లులు చూసి చెప్పడానికి టార్గెట్ల కింద గుంటలోకి దిగి కూచున్నాడు. మేం కాల్చాం. అమ్మ వాఫిల్స్ చేసింది. తుపాకి నూనె, కాఫీ, వాఫిల్ కలిసిన ఆ వాసన వస్తే తప్ప నాకు వసంతం వచ్చినట్టుండదు.

ఈసారి ఒక వింత జరిగింది. రంపపు మిల్లులో పనిచేసే సిల్వి అనే అమ్మాయి కొత్తగా మా షూటింగ్ సంఘంలో చేరింది. ఇరవయ్యేళ్ళుంటాయి. ఆ వేషం నువ్వు చూడాలి! అట్టలా బిగుసుకుపోయిన పచ్చకోటు, పసుపు కళ్ళద్దాలు, ఎడమ చేతికి బొంతలాంటి తొడుగు, తుపాకి మోత వినబడకుండా చెవుల మీద సగం కొబ్బరికాయలంత ఎర్ర డిప్పలు. మా పాతకాపు తోర్లైవ్ ఊరుకుంటాడా?

"ఏమ్మా, తుపాకి కాల్చడానికొచ్చావా, చంద్రుడి మీదికి బయల్దేరావా?" అన్నాడు.

"చంద్రుడి మీదైతే మీ చుట్ట కంపు ఉండదు కదా, తాతా!" అందిట ఆ పిల్ల. అమ్మ చెప్పి నవ్వింది.

బాగానే కాల్చింది, కాదనను. ఆ కోటు వేస్తే కోతి కూడా కదలకుండా పడుకుంటుంది. ఈ కాలం పిల్లలు గురి కొట్లో దొరుకుతుందనుకుంటారు. మేం నలభై ఏళ్ళుగా ఊలు స్వెట్టరుతో, ఒట్టి చెవులతో కాల్చాం. చెవులేమన్నా రాలిపడ్డాయా?

జిల్లా పోటీకి వెళ్ళే ఐదుగురిలో ఆమెను వెయ్యమని కొందరంటున్నారు. చూద్దాం.

ప్రేమతో,
నాన్న

—

బెర్గెన్,
7 మే 1984

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం మా షిప్‌యార్డు భోజనాల గదిలో అందరికీ చదివి వినిపించాను. అందరూ పగలబడి నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. ఎందుకంటే నాన్నా, నేనూ ఆ వేషంలోనే కాలుస్తాను. నావి నీలం డిప్పలు, అంతే తేడా. ఇక్కడ సంఘంలో చేరి రెండేళ్ళయినా నీకు చెప్పలేదు. చెబితే నాకూ ఏదో పేరు పెడతావని తెలుసు.

ఇనుము మీద సుత్తి దెబ్బలు పడే చోట చెవులు మూసుకోకపోతే మా మేస్త్రీ ఇంటికి పంపేస్తాడు. అక్కడ పద్ధతైంది రేంజిలో పిరికితనం ఎలా అవుతుంది? డిప్పలు పెట్టుకున్నవాళ్ళు ధైర్యం లేనివాళ్ళని నీకెవరు చెప్పారు?

అయితే నేనేమీ పెద్ద నీతిమంతురాలిని కానులే. మార్చిలో మా రేంజికి ట్వైట్ అనే డెబ్భై ఏళ్ళాయన చిరుగుల స్వెట్టరులో వచ్చాడు. తుపాకి చెక్క నల్లబడి వంటింటి గరిటెలా ఉంది. నేను ఊరుకోలేక, "ఏ మ్యూజియం నుంచండీ రాక?" అన్నాను. ఆయన వెళ్ళి బోర్లా పడుకున్నాడు, పాతిక గుళ్ళు కాల్చాడు, నాకన్నా ఆరు పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నాడు. లేచి మోకాళ్ళు దులుపుకుంటూ, "ఆదివారాలు మ్యూజియం మూసేస్తారమ్మాయ్, ఖాళీగా ఉండలేక వచ్చా" అన్నాడు. అందరి ముందూ నా మొహం నా కాలర్లోకి పోయింది.

అందుకే చెబుతున్నా. ఆ సిల్వి సంగతి ఆమె టార్గెట్ చూసి తేల్చు. కోటు చూసి కాదు.

ఇంకొకటి. నేను ఫోన్ చేసినప్పుడల్లా రెండు ముక్కలు మాట్లాడి అమ్మకిచ్చేస్తావేం? ఉత్తరాల్లో మాత్రం ఇంత చక్కగా కబుర్లు చెబుతావు!

నీ
యోరున్

—

హెస్ట్‌దాల్,
22 మే 1984

ప్రియమైన తల్లికి,

నీకు నీలం డిప్పలున్నాయని చదివి రెండు రోజులు మూతి ముడుచుకున్నాను. మూడో రోజు అమ్మ, "నీ కూతురు కాలుస్తోందని సంతోషించవేం?" అంది. సంతోషించాను. ఇది నిజమే.

పదిహేడో తారీఖు జాతీయ దినం ఊరేగింపు బాగా జరిగింది. బ్యాండువాళ్ళు బాగా వాయించారు.

నీ సిల్వి సంగతి మాత్రం తేలిపోయింది. పోయిన మంగళవారం సాధనలో ఏడుగురు వరసగా పడుకుని కాలుస్తున్నారు. నేను వాళ్ళ వెనక బల్ల దగ్గర నిలబడ్డాను. కాల్చమని చెప్పింది నేను. ఆపమని చెప్పాల్సిందీ నేనే. ఉన్నట్టుండి ఈ పిల్ల తుపాకి తెరిచి తూటా తీసి కిందపెట్టి, లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతూ, "ఆపండి! ఆపండి!" అని అరిచింది. వరసలో మధ్యలో లేవడమంత తప్పు మా ఆటలో ఇంకొకటి లేదు. చిన్నపిల్లలకి మొదటిరోజే నేర్పుతాం.

సరిగ్గా అప్పుడే క్నూట్ గుంట గోడ మీదుగా తల పైకెత్తాడు. టార్గెట్ చట్రం ఇరుక్కుపోయిందట, ఊడదీయడానికి ఎక్కాడట. ఎక్కేముందు గుంటలోని ఫోను పిడి తిప్పి, నా బల్ల మీది ఫోనుకి గంట కొట్టానంటాడు. నేను పక్కనే ఉన్నాను, గంట మోగలేదు. ఆ ఫోను యుద్ధకాలం నాటిది, తీగ ఎక్కడో వదులై ఉంటుంది. ఆ పిల్ల మోగిందంటుంది. చెవుల మీద అంత డిప్పలు పెట్టుకున్నదానికి మోగిందట, ఒట్టి చెవులవాడికి మోగలేదట!

క్రమశిక్షణ క్రమశిక్షణే. జిల్లా పోటీ జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశాను. ఎవరూ ఎదురు చెప్పలేదు.

ప్రేమతో,
నాన్న

—

బెర్గెన్,
27 మే 1984

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరాన్ని నక్షా చదివినట్టు చదివాను. ఒక్క చోట అతుకు కుదరలేదు.

క్నూట్ మావయ్య నీకు బడినాటి నేస్తం. గంట కొట్టకుండా గోడ ఎక్కే మనిషి కాదు. సిల్వి మోగిందంటోంది. డిప్పలు పేలుడు మోతని తగ్గిస్తాయి గానీ గంటని పూర్తిగా ఆపవు. గంట కొట్టినవాడూ, విన్నదీ ఇద్దరూ ఒక మాట మీదున్నారు. వినలేదంటున్నది నువ్వొక్కడివే. ఆమె లేవకపోతే ఏమయ్యేదో నేను రాయను. నీకూ తెలుసు.

ఈస్టర్‌కి వచ్చినప్పుడు వంటింట్లో కెటిల్ ఈలవేసి ఈలవేసి గొంతు పోగొట్టుకుంది. నువ్వు దాని పక్కనే కూచుని పేపరు చదువుకుంటున్నావు. బద్ధకం అనుకున్నాను. రేడియో గట్టిగా పెడితే వార్తల మీద కోపం అనుకున్నాను. ఫోన్ అమ్మకిస్తే నా మీద కోపం అనుకున్నాను.

నాన్నా, సూటిగా అడుగుతున్నాను. నీకు వినబడటం లేదా?

అవునంటే నాకేమీ చిన్నతనం లేదు. కానీ దాన్ని దాచడానికి ఆ అమ్మాయి పేరు కొట్టేసి ఉంటే మాత్రం నేను ఊరుకోను. నన్ను పెంచింది నువ్వు. అబద్ధం ఆడితే మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా గంటసేపు నిలబెట్టేవాడివి.

నీ
యోరున్

—

బెర్గెన్,
16 జూన్ 1984

ప్రియమైన నాన్నకి,

ఇరవై రోజులైంది. జవాబు లేదు. అమ్మని అడిగితే కట్టెల కొట్టంలో ఉన్నావంటుంది. మూడు శీతాకాలాలకి సరిపడా కట్టెలు కొట్టేశావట.

మాట కటువుగా రాశాను, అందుకు క్షమించు. ప్రశ్నని మాత్రం వెనక్కి తీసుకోను.

నీ
యోరున్

—

హెస్ట్‌దాల్,
2 జూలై 1984

ప్రియమైన నా తల్లికి,

గంట మోగింది. నాకు వినబడలేదు. వినబడలేదని ఆ క్షణమే నాకు తెలుసు. నీకు రాసింది అబద్ధం.

నీ ఉత్తరం వచ్చిన రోజు చించేద్దామనుకున్నాను. మర్నాడు అమ్మని తీసుకుని రేంజికి వెళ్ళాను. ఆమెను గుంటలోకి పంపి, పది నిమిషాలు ఆగకుండా గంట కొట్టమన్నాను. బల్ల దగ్గర నిలబడ్డాను. గాలి కూడా లేదు. ఎంతసేపటికీ ఏమీ వినబడక, అమ్మకి ఆ పిడి తిప్పడం చేతకాలేదనుకున్నాను. ఫోను పెట్టె మీద చెయ్యి వేశాను. నా అరచేతి కింద అది పిచ్చుకపిల్లలా వణికిపోతోంది, యోరున్. అలాగే చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాను. అమ్మ చేతులు నొప్పెట్టేదాకా తిప్పి పైకొచ్చింది.

ఊరేగింపులో బ్యాండు బాగా వాయించిందని రాశాను కదా. ఒక అమ్మాయి పిల్లనగ్రోవి పెదాల కానించి వేళ్ళు ఆడిస్తూ నా ముందు నుంచే నడిచింది. వేళ్ళు చూశాను. పాట వినబడలేదు. నీ గొంతూ ఫోనులో అంతే, సన్నగా, పైస్థాయిలో పలికేదంతా పోతుంది.

పట్నంలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గదిలో కూచోబెట్టి నా తలకి పెద్ద డిప్పలు తగిలించారు. చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. కొంచెంసేపు నొక్కాను. తర్వాత చాలాసేపు ఊరికే కూచుని, "మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారు?" అన్నాను. నర్సు కాగితం మీద రాసి చూపించింది: 'అయిపోయిందండీ.'

పోయింది తిరిగి రాదట. ఉన్నది నిలబెట్టుకోవచ్చట.

మర్నాడు మధ్యాహ్నం రంపపు మిల్లుకి వెళ్ళాను. సిల్వి దుంగ మీద కూచుని రొట్టె తింటోంది. ఎర్ర డిప్పలు చెవుల మీదే ఉన్నాయి. అవి మిల్లువాళ్ళు ఇచ్చినవట. నేను టోపీ తీసి నిలబడి చెప్పేశాను. "గంట మోగింది. నాకు చెవులు సరిగా లేవు. తప్పు నాది, శిక్ష నీకు వేశాను. క్షమించమ్మా."

ఆ పిల్ల నన్ను కిందికీ మీదికీ చూసి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. "కాస్త గట్టిగా చెప్పండి! ఈ డిప్పలతో ఏమీ వినబడి చావదు!"

మళ్ళీ మొత్తం చెప్పాను, అరిచి. మిల్లు మిల్లంతా తిరిగి చూసింది. అప్పుడు డిప్పలు తీసి నవ్వింది. "మొదటిసారే విన్నాలెండి. అందరూ వినాలని అడిగా."

నాకు కోపం రాలేదు. నేను ఆమెను అందరి ముందూ తప్పుపట్టాను కదా, లెక్క సరిపోయింది. ఆ కోటు ఎక్కడ కొన్నావని అడిగాను. కొనలేదట. లారీల మీద కప్పే టార్పాలిన్ చింపి తనే కుట్టుకుందట. కుట్లు చూపించింది. మీ అమ్మకి కూడా అంత దగ్గర కుట్టు రాదు. ఇంతకాలం నేను దాన్ని కొట్లో కొన్న గురి అనుకున్నాను.

ఆ గురువారం సంఘం సమావేశంలో చేతిపట్టీ విప్పి బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాను. నేను మొహాలు చూస్తున్నాను, నాకిప్పుడు మొహాలే ఆధారం. క్నూట్ మొహం చూడలేకపోయాను. చివరికి తోర్లైవ్ చుట్ట నోట్లోంచి తీసి, అందరికీ వినబడేలా, "నేను కోకిల కూత విని ఆరేళ్ళయింది. ఈ అడవిలో కోకిలలు తగ్గిపోయాయనుకుంటూ వచ్చా" అన్నాడు.

తర్వాత ఒక చెయ్యి లేచింది. ఇంకొకటి. మా పాతవాళ్ళం పదకొండుమందిలో ఏడుగురం సరిగా వినబడనివాళ్ళమే! ఇన్నేళ్ళూ ఒకళ్ళ మొహం మీద ఒకళ్ళం అరుచుకుంటూ, అది ధీమాగా మాట్లాడటం అనుకున్నాం.

క్నూట్ లేచి వచ్చాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా పడేవాణ్ణి. నా ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా నిదానంగా, "హాల్వోర్, నలభై ఏళ్ళుగా నువ్వు నా మాట వినడం లేదని మా ఆవిడకి చెబుతూనే ఉన్నా. ఇన్నాళ్ళకి కారణం దొరికింది" అన్నాడు. ఆ తర్వాత నా భుజం పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

చేతిపట్టీ సిల్వికి ఇద్దామన్నాను. "నాకొద్దు, నేను కాల్చుకోవాలి. వంతులేసుకోండి" అంది. అలాగే చేశాం. నాకు మాత్రం వంతు లేదు. నేనే వద్దన్నాను.

జిల్లా పోటీకి ఆమె పేరు మళ్ళీ ఎక్కించాం. పోటీలో రెండువందల యాభైకి రెండువందల ముప్ఫై తొమ్మిది కాల్చింది. మీ ట్వైట్ దానిలాంటి నల్లచెక్క తుపాకితో తోర్లైవ్ రెండువందల నలభై. ఇంటికొచ్చే దారిపొడవునా ఆ ఒక్క పాయింటు గురించే ఇద్దరూ కొట్టుకున్నారు. అతని చెవుల మీద ఇప్పుడు తెల్ల డిప్పలున్నాయి. "తాతా, పెళ్ళికొడుకులా ఉన్నావ్!" అని ఆ పిల్ల ఏడిపిస్తోంది. నేను ఆకుపచ్చవి తీసుకున్నాను. వెక్కిరించాలనుంటే వెక్కిరించు.

ఇప్పుడు నీతో పని పడింది. గంటతో పాటు వెలిగే ఎర్ర దీపాలు రెండు పెట్టాలి. ఒకటి కాల్చే వరస ముందు అందరికీ కనబడేలా, ఇంకొకటి గుంటలో. తీగల పని మిల్లు ఎలక్ట్రీషియన్ చేస్తాడు. గాలికీ మంచుకీ వంగని ఇనప స్తంభాలు కావాలి. వాటి అతుకులు నువ్వు వెయ్యాలి. ఎత్తు రెండు మీటర్లు. అవి నిలబడేదాకా రేంజి మూసే ఉంటుందని సంఘం తీర్మానించింది, కనుక సెలవు ఎప్పుడు దొరుకుతుందో వెంటనే రాయి. వచ్చేటప్పుడు నీ తుపాకీ, నీ నీలం డిప్పలూ తెచ్చుకో.

మూసేముందు చివరి సాధన రోజు క్నూట్ నాకు పని నేర్పుతానని గుంటలోకి తీసుకెళ్ళాడు. గురిచూసే పక్క నలభై ఏళ్ళున్నాను గానీ, కింద కూచోవడం ఇదే మొదలు. తల మీదుగా గుళ్ళు పోతుంటే చప్పుడు రొమ్ములో తెలుస్తుంది. చట్రం కిందికి లాగి, చిల్లు చూసి, దాని మీద కాగితం అంటించి, పైకి తోయాలి. అంతే పని. మూడో టార్గెట్‌లో నడిబొట్టు మీద వరసగా నాలుగు పదులు పడ్డాయి, నాలుగూ ఒక నాణెం కింద దాచేయొచ్చు. "ఆ సిల్వి చూడు, ఎలా కాలుస్తోందో!" అని క్నూట్ చెవిలో అరిచాను. సాధన అయ్యాక పైకెక్కి వచ్చి చూస్తే, మూడో టార్గెట్‌కి కాల్చే చోట తుపాకి పక్కనపెట్టి లేచి మోకాళ్ళు దులుపుకుంటున్నది మీ అమ్మ.

నీ రాక కోసం చూస్తూ,
నాన్న