ఆజీ వేలు

నాసిక్,
2 డిసెంబరు 1986

ప్రియమైన ఆజీకి,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం: పిల్లల వార్డుకి కొత్తగా వచ్చిన నాలుగేళ్ల పిల్ల అసలు ఏడవడం లేదు. ముందుకు వంగి, చేతులు ఆన్చి, గడ్డం చాచి కూర్చుంది. ఒళ్లు కాలిపోతోంది. ఉమ్మి మింగలేక చొంగ కారుతోంది. గొంతు చూద్దామని చెంచా తీశాను. సిస్టర్ నా మణికట్టు పట్టేశారు.

"ఏయ్ కొత్త నర్సమ్మా! అది తగిలితే ఊపిరి దారి మూసుకుపోతుంది. తల్లి ఒళ్లోంచి కదపకు!"

డాక్టర్లు తల్లితోసహా తీసుకెళ్లి, మత్తిచ్చి, గొంతులో గొట్టం వేశారు. బతికింది.

కుక్క మొరిగినట్టు దగ్గితే అది వేరే జబ్బట, చాలావరకు తగ్గిపోతుందట. ఊరికే కూర్చున్నా ఊపిరి కూత పెడితే మాత్రం ఆస్పత్రికి తేవాలి. ఈ పిల్లకి ఆ దగ్గే లేదు, చొంగే గుర్తు.

ఆజీ, ఊళ్లో గొంతు నొప్పంటే నీ దగ్గరికే తెస్తారు. ఉప్పూ బూడిదా అద్దిన వేలితో కొండనాలుక ఎత్తుతావు. ఇక వద్దు. కోప్పడకు.

నీ మనవరాలు వైజూ

*

పేఠ్,
12 డిసెంబరు

వాగుడుకాయ వైజూకి,

నర్సు టోపీ పెట్టి నాలుగు నెలలు కాలేదు, నాకే పాఠమా? నీ కొండనాలుక ఎత్తింది ఈ వేలే! రాగిపిండి పంపుతున్నాను, వేళకి తిను. ఆ సంగతి మళ్లీ రాయకు.

ఆజీ

*

పేఠ్,
17 జనవరి 1987

నా తల్లి వైజూకి,

మంగళవారం పొద్దున కిసన్ కోడలు మూడేళ్ల గోట్యాని తెచ్చింది. వేలికి ఉప్పద్దాను. అప్పుడు చూశాను, వాడి చొక్కా ముందంతా తడి. చేతులు తల్లి మోకాళ్ల మీద, గడ్డం ముందుకి. దగ్గు లేదు.

"ఎత్తు ఆజీ, ఏం చూస్తున్నావు?"

"వాడి నోట్లో వేలు పెట్టినవాళ్ల చెయ్యి విరగ్గొడతా! పడుకోబెట్టకు, అలాగే కూర్చోనీ."

తల్లి ఒళ్లోనే పాల జీపులో నాసిక్ పంపాను. గొట్టం తీసేశారనీ, భాకరీ రొట్టె కావాలని గొడవ చేస్తున్నాడనీ ఇవాళ కబురొచ్చింది.

వైజూ, మీ నాన్న తర్వాత నాకు బబన్ పుట్టాడు. వాడూ అలాగే కూర్చున్నాడు. నేనే ఎత్తాను. నా వేలు నోట్లో ఉండగానే నీలమైపోయాడు. దేవుడు తీసుకెళ్లాడని అందరికీ చెప్పాను. నీ ఉత్తరం చదివాక వారం రోజులు జవాబు రాయలేకపోయాను. కోపం నీ మీద కాదే.

రేపు పొద్దున తల్లులందర్నీ మన వాకిట్లోకి రమ్మన్నాను. ముసలిది గడ్డం చాచి కూర్చుంటే నవ్వుతారు, నవ్వనీ. బబన్ ఎలా కూర్చున్నాడో అలాగే కూర్చుని చూపిస్తాను.

నీ ఆజీ