డాక్టరమ్మ అడిగిన మాట

అక్కా,

ఈరోజు చెల్లెల్ని ధర్మపురి ఆసుపత్రికి తీసుకుపోయాం. బడిలో కులం పేరు పెట్టి వెక్కిరిస్తున్నారు. దానికీ నీలాగే గుండెదడ, నిద్ర లేదు.

పెరియంపట్టి బడిలో వంటకు చేరి నువ్వు వండిన అన్నం ముందు నుంచి, మన కులం చేతి కూడు వద్దని తల్లులు పిల్లల్ని లేపుకుపోయాకే కదా, నీకు ఆ దడ మొదలైంది! గాలి సోకిందని అమ్మ నిన్ను పూజారి చేత వేపమండలతో కొట్టించింది. ఆ ఎండాకాలమే నువ్వు ప్రాణం తీసుకున్నావు.

"ఎవరేమన్నారమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే చెల్లెలు తల వంచుకుంది. నువ్వు పోయినప్పటినుంచి నీ పేరెత్తని అమ్మ నోరు విప్పింది.

"ముందు నా పెద్దబిడ్డ గురించి చెప్తాను, తాయీ. దానికి ఏ గాలీ సోకలేదు. మనుషులే దాన్ని అట్ల చేసినారు."

చెల్లెలు తలెత్తి అమ్మను చూసింది. తర్వాత తనకు జరిగింది మెల్లగా చెప్పసాగింది.

నీ తమ్ముడు