ఊపిరి ఆపొద్దట

అన్నా,

ఇది నీకు చేరదని తెలిసీ రాస్తున్నాను. అండమాన్ వెళ్లి, వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగాలని ఉంది. టికెట్ బుక్ చేయించడానికి బాన్సువాడ బస్టాండు దగ్గరి ట్రావెల్స్ దాకా మూడుసార్లు వెళ్లి, ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

"నీళ్లకు ఒక్కన్ని ఇచ్చిన, సాలదారా?" అంటోంది అమ్మ. మోటారు పైపుకు పట్టిన చెత్త తీయడానికి బావిలో మునిగి నువ్వు తేలని రోజు నుంచి ఆమె కాలువ గట్టు కూడా ఎక్కలేదు.

ఇవాళ డైవింగ్ నేర్పే ఆయనకు ఫోన్ చేశాను. చిన్నప్పుడు బావిలో నన్ను మునగమని "ఊపిరి బిగవట్టు, ఇంకింత బిగవట్టు" అంటూ నువ్వు వంద లెక్కపెట్టేవాడివని గొప్పగా చెప్పాను.

"అది మరిచిపోండి. అక్కడ ఊపిరి అస్సలు ఆపొద్దు, పైకొచ్చేటప్పుడు ఊపిరితిత్తులు పగిలి ప్రాణానికే ప్రమాదం" అన్నాడు.

పొద్దుటి నుంచి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ ఊపిరి పీల్చడం నేర్చుకుంటున్నాను. బావి గుర్తొస్తే చాలు, ఆగిపోతోంది.