అద్దం తలుపు

అక్కా,

ఈ ఆదివారమూ రాలేను, కోప్పడకు.

ఇల్లు లేనివాళ్ళకోసం నడిపే మా షెల్టర్‌లో ఆడవాళ్ళకొక హాలు, మగవాళ్ళకొక హాలు అని నీకు తెలుసుగా. నిన్న వానలో తడుస్తూ ఒక ముసలి జంట వచ్చింది. విడివిడిగా పడుకోవాలనగానే పెద్దాయన సంచీ మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

"ఈవిడకి చూపు లేదు తల్లీ. మెలకువొస్తే నన్నే తడుముకుంటుంది. బస్టాండులోనే ఉంటాంలే."

నా బల్లా బీరువా వరండాలోకి జరిపించి, ఆఫీసు గది వాళ్ళకిచ్చేశాను. "మేడంగారూ వీధిన పడ్డారు!" అని మా వంటావిడ ఒకటే నవ్వు.

పొద్దున టీ తీసుకెళ్తే తలుపు అద్దంలోంచి కనబడ్డారు. ఆయన ఆవిడకి జడ వేస్తున్నాడు. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

ఆ తలుపుకి ఒక పరదా కుట్టి పంపవా? గుడ్డ కాస్త దళసరిగా ఉండాలి.

నీ చెల్లి