ఊరిపేరు చెప్పని మొక్కు

చిత్తూరు,
8 నవంబరు 1980

పంకజానికి, పెద్దక్క దీవెనలు.

ఇరాన్‌లో నీ అహ్వాజ్ ఊరి మీద బాంబులు పడ్డాయని రేడియోలో విన్నాను. ఫిరంగులున్న రాజు ఉత్తచేతుల జనానికి జడిసి విమానమెక్కాడని నిరుడు నువ్వు రాస్తే రెండుసార్లు చదువుకున్నాను. ఇప్పుడా గొప్పలు చాలు. ఆస్పత్రి వదిలి వచ్చెయ్.

ఒకమాట దాచాను. నిన్ను నర్సుగా పరదేశం పంపనని నాయన భీష్మించుకుంటే, ఒప్పుదల కాగితం మీద ఆయన సంతకం చేసింది నేను. నీకేమైనా అయితే ఆ పాపం ఈ చేతిదే.

పంకజం క్షేమంగా ఇల్లు చేరితే తలనీలాలిస్తానని కొండకు మొక్కుకున్నాను.

అక్క,
జ్ఞానాంబ

చిత్తూరు,
2 మార్చి 1981

పంకజమా,

రానని రాశావు. కోపం రాలేదు. నూనె ఊరే దేశంలో కిరసనాయిలుకు చీటీ, చక్కెరకు చీటీ. పెద్ద దేశాలు సరుకు ఆపేసినా తూర్పూ వద్దు, పడమరా వద్దని గోడలమీద రాసుకున్నారట. ఒక్క వాన తప్పితే కలెక్టరు గుమ్మం పట్టుకునే వాళ్ళం మనం. ఆ జనానిది ఎంత గుండె! ఆడవాళ్ళు తల కప్పుకోవాలన్న కొత్త చట్టంతో ఆస్పత్రిలో నువ్వూ తలగుడ్డ కట్టావన్నావు.

సైరన్ల మధ్య మూడు రోజులు వార్డులోనే ఉండి నువ్వు గదికొస్తే, కొడుకును యుద్ధానికి పంపిన పక్కింటామె నీ చీటీకి కూడా వరుసలో నిలబడి, కిరసనాయిలు తెచ్చి, పొయ్యి వెలిగించి ఉంచిందట. "ఇల్లు చేరినావా బిడ్డా" అంటే "చేరినానమ్మా" అన్నావట.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. మొక్కులో నేను ఊరిపేరు చెప్పలేదు. చిత్తూరని అనుకున్నాను, అనలేదు. స్వామి అన్నమాటే పట్టుకున్నాడు.

మొన్న కొండెక్కాను. మంగలి గురప్ప కత్తి తడుపుతూ అడిగాడు.

"ఏం మొక్కు తల్లీ?"

"చెల్లెలు ఇల్లు చేరాలని."

"చేరినాదా?"

"చేరింది. ఇరాన్‌లో."

కత్తి ఆగింది. "యుద్ధం జరిగే సోటా? ఆడ మనకు ఇల్లేందమ్మా?"

"ఒకామె పొయ్యి వెలిగించి పెట్టినాది," అన్నాను. గురప్ప నా తల వంచాడు.

గుండు మీద కొంగు కప్పుకొని ఇంటికొస్తే మీ బావ నవ్వాడు. "సట్టం ఆడ కదా పెట్టినారు, ఈడ నువ్వెందుకు కప్పుకుంటివి?"

సంతకం సంగతి నాయనకు చెప్పేశాను. ఆయన వక్క నములుతూ, "ఆ పొద్దే తెలుసు. నేను వరదయ అని రాస్తా, వత్తు పెట్టేది నాకు రాదు. దాంట్లో వత్తు సక్కంగా ఉండె. నా నోటితో పొమ్మనలేక గమ్మునుంటి," అన్నాడు.

ఆ పక్కింటామె కొడుకు పేరు రాయి. ఇంటిపేరూ, ఊరిపేరూ, వీధి పేరూ కూడా. ఈసారి మొక్కులో అన్నీ చెప్పుకోవాలి.

అక్క,
జ్ఞానాంబ