బాపు అరంగుళం

బాపూ, నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. కార్వాన్‌లో మన టైలరింగ్ దుకాణం బాగానే నడుస్తోంది.

పెళ్లికొడుకుల షేర్వానీకి నడుము దగ్గర నువ్వు అరంగుళం ఎక్కువ పెట్టేవాడివి. "ఇంకా దావత్‌లు ఉన్నయి గద బిడ్డా," అనేవాడివి. కొలతల బుక్కులో మాత్రం ఆ మాట ఎన్నడూ రాయలేదు. నువ్వు లేని మొదటి పెళ్లిళ్ల సీజన్‌లో రెండు షేర్వానీలు బిగుతై వెనక్కి వచ్చాయి.

అందుకే కొలతలన్నీ ఆన్‌లైన్ షీట్‌లోకి ఎక్కించాను. నేనిక్కడ రాస్తే, నిన్నెప్పుడూ 'మాస్టర్' అనే పిలిచే, కిషన్‌బాగ్‌లో కటింగ్ చేసే కరీం చాచా ఫోన్‌లో అప్పుడే కనబడుతుంది. బుక్కు మోసుకుని తిరిగే బాధ పోయింది. నడుము కొలత పక్కన ఇంకో గడి పెట్టి, దానికి 'బాపు అరంగుళం' అని పేరు పెట్టాను.

పోయిన వారం హడావిడిలో ఒక పెళ్లికొడుక్కి ఆ గడి నింపడం మర్చిపోయాను. చాచా కత్తెర ఆపి, షీట్‌లోనే పక్కన రాశాడు: "బేటా, గడి ఖాళీగున్నది. మాస్టర్‌ని అడుగు."

 నిన్ను తలచుకుని, ఆ గడిలో అరంగుళం నింపాను.

ఈ పొద్దున ఆ పెళ్లికొడుకు మూడు దావత్‌ల పొట్టతో వచ్చి, షేర్వానీ తొడిగి, గుండీలన్నీ హాయిగా పెట్టుకున్నాడు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టింది నేనే. చాచా మాట కిందే జవాబు రాశాను:

"అడిగిన చాచా. సరిపోయింది."